డోలోన్ కనుమలో నిండు గిన్నె

"ఈసారి నువ్వు కాపాడాల్సింది మంత్రిని కాదు, మందుని," అన్నాడు చీఫ్ ఒరోజ్‌బై.

రాజధాని బిష్కెక్ ఆఫీసులో ఆయన హీటర్ పక్కన వెచ్చగా కూర్చున్నాడు. ఏజెంట్ సగిన్‌బెక్ తడి బూట్లతో నిలబడి ఉన్నాడు.

"పోయిన చలికాలం నరీన్ పట్నంలో ఫ్లూ. బజారు మూత. బొగ్గు గనిలో సగం మంది మంచాన పడ్డారు. ముసలివాళ్లు పోయారు. మందులకని జనం గొర్రెల్ని సగం ధరకి అమ్ముకున్నారు. కొన్నది బురాన్ ముఠా. ఈ ఏడూ వాళ్లకి అదే కావాలి."

"టీకా వేస్తున్నాంగా?"

"దారిలో దాన్ని గడ్డకట్టిస్తారు. గడ్డకడితే అది పనికిరాదు, పైకి తెలీదు. సూది వేయించుకున్నవాడు ధైర్యంగా ఊరంతా తిరిగి, మంచాన పడతాడు. మరుసటేడు టీకా అంటే తలుపేసుకుంటాడు."

టీకా పెట్టెల లారీకి డ్రైవర్ వేషంలో వెళ్లమని చెప్పి, చీఫ్ ఒక కోటు ఇచ్చాడు. పెట్టెల్లో చలి హద్దు దాటబోతే దాని పైగుండీ వణుకుతుంది.

"ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరని అడక్కు."

"అడిగితే చెప్తారా?"

"చెప్పను. పెళ్లి చేసుకోరా, ప్రశ్నలన్నీ ఇంట్లో అడుక్కోవచ్చు."

సగిన్‌బెక్ నవ్వలేదు. అతని గదిలో ఉన్నది ఒకే గిన్నె, ఒకే చెంచా.

నరీన్ దారిలో, డోలోన్ కనుమలో రోడ్డు గేటు పడి ఉంది, మంచు తీస్తున్నారు. టీ దుకాణం నుంచి క్రామర్ అనే విదేశీ డాక్టర్ చెయ్యి ఊపాడు. డ్రైవర్ వేషంలో ఉన్నవాడు డాక్టర్ పిలిస్తే వెళ్లకపోతే అనుమానం. లారీకి తాళం వేసి వెళ్లాడు.

లోపల నక్కతోలు టోపీలో మెరిసిపోతున్న అందగత్తె, క్రామర్ అసిస్టెంట్ రైహాన్. ఆమే అతని కోటు విప్పించి గుమ్మం దగ్గర తగిలించింది.

"ఏంటన్నా, కోటులోనే కాపురమా?"

వేడి రొట్టె, మీగడ, చెర్రీ జామ్. గిన్నెలో సగమే టీ పోసింది. ఆ కొండల్లో సగం పోయడమంటే ఉండమనడం. మళ్లీ పోయడానికి వంక కావాలిగా! రెండోసారీ సగమే. తనకోసం ఎవరైనా అలా పోసి ఎన్నేళ్లయిందో. సగిన్‌బెక్‌కి లేవాలనిపించలేదు.

క్రామర్ కిటికీలోంచి లారీ వైపు చూసి నవ్వుకున్నాడు. "ఇంకా పోయమ్మా!"

రైహాన్ ఈసారి అంచుదాకా నింపింది.

"అబ్బో, ఏం మర్యాద!" అన్నాడు క్రామర్.

సగిన్‌బెక్ గిన్నె వైపే చూశాడు. నిండు గిన్నె అంటే తాగి బయల్దేరమని. ఆ గదిలో అది తెలియనివాడు క్రామర్ ఒక్కడే.

గెంతి కోటు లాక్కున్నాడు. గుండీ పిచ్చుకలా వణుకుతోంది. బయట లారీ తాళం పగిలి, తలుపు బార్లా తెరిచి ఉంది. ముఠావాడొకడు పెట్టెల మూతలు తీసి మంచుగాలికి పెట్టాడు. ఒక్క గుద్దుతో వాణ్ని పడగొట్టి, మూతలు బిగించి, పెట్టెల్ని క్యాబిన్‌లోకి చేర్చి, కోటు వాటి మీద కప్పాడు. చొక్కాతో నిలబడి గుండీ మీద వేలుంచాడు. వణుకు పెరిగింది... తగ్గింది... ఆగింది. గడ్డకట్టే గీతకి వెంట్రుకవాసి ముందు.

గుమ్మంలో క్రామర్ చేతులు పైకెత్తి ఉన్నాడు. వెనక రైహాన్ పిస్తోలు.

"డాక్టరుగారూ, మీకూ ఒక నిండు గిన్నె పోయనా?"

"మళ్లీ ఎప్పుడైనా..." అన్నాడు సగిన్‌బెక్ ఆమెతో.

"నన్ను మర్చిపో. చీఫ్ నా పేరు చెప్పనిది అందుకే. గేటెత్తారు, వెళ్లు."

నరీన్ బడిలో టీకాకి నిలబడ్డ అవ్వల క్యూ ముగిశాక, నర్సు అతని చేతికీ సూది వేసింది.

"ఇక్కడే కూర్చో. కళ్లు తిరుగుతాయేమో, కాసేపు నిన్ను కనిపెట్టుకుని ఉండాలి."

అతను బుద్ధిగా కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు అతని మీద నిఘా పెడుతూనే ఉన్నారు. బాగున్నాడో లేదో చూడ్డానికి పెట్టడం మాత్రం ఇదే మొదలు.