రామాంజి నిద్రపోయే చోటు

పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ ముగించుకుని, ఉదయం ఎనిమిదికి ధర్మవరంలోని ఇల్లు చేరాడు రామాంజి. రెండు ఇడ్లీలు తిని మళ్ళీ చెప్పులు వేసుకున్నాడు.

ముందుగదిలో చీర నేస్తున్న అతని భార్య యశోద మగ్గం ఆపింది.

“పండుకోకుండా మళ్ళా యాడికి పోతాండావు?”

“దానియేలుతో పనుండాది. నాలుగింటికి వస్తా.”

దానియేలు అతనితో ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడు. నెల రోజులుగా ఇదే జవాబు. ఇంట్లో ఉన్న కాసేపూ చిన్నమాటకే కసురుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మొహం తేటగా ఉండేది. నిన్న మూలనున్న పాత చొక్కా ఉతకబోతే జేబులో నెల కిందటి హిందూపురం బస్సు టికెట్ దొరికింది. టికెట్ మీది తేదీన ఓవర్‌టైం ఉందని చెప్పి వెళ్ళాడు. అబద్ధం ఎందుకు? ఎవరి కోసం?

ఇక ఉండలేక ఆటో ఎక్కి అతని బండి వెంట వెళ్ళింది. బత్తలపల్లి రోడ్డు పక్క సందులో ఒక ఇంటి ముందు బండి ఆగి ఉంది. గడప దగ్గర అతని చెప్పుల పక్కన ఆడవాళ్ళ చెప్పులు. దబదబా తలుపు బాదింది.

తీసింది ఒక ముసలామె. దానియేలు తల్లి.

“మెల్లగా తల్లీ, ఇప్పుడే కన్ను మూసినాడు.”

లోపల చాప మీద రామాంజి ఉలిక్కిపడి లేచాడు.

“హిందూపురానికి ఎవురి కోసం పోయినావు?” అరిచింది యశోద.

“డాక్టర్ కోసం. బీపీ దిగల్యా. నెత్తురు పరీక్ష చేసి, నిద్ర చాలక ఒంట్లో ఒత్తిడి హార్మోన్ ఎక్కువైందన్నాడు. కార్టిసాల్ అంట. రాత్రి డ్యూటీ ఉన్నన్నాళ్ళు, పగలైనా చప్పుడు లేని చోట ఏడు గంటలు పండుకోమన్నాడు.”

“మనింట్లో చోటు లేదా?”

అతను తల దించుకున్నాడు. “మగ్గం చప్పుడు...”

“ఆ మాట నాతో అంటే ఆపనా?”

“ఆపుతావు. అందుకే చెప్పల్యా. మీ నాయన పోయినాక ఆర్నెల్లు నువ్వు నోరు విప్పల్యా. మళ్ళా మనిషివైంది ఆ మగ్గం మీద కూచున్నాకనే. దాన్ని ఎట్ల ఆపమందును?”

యశోద ఎర్రబడిన అతని కళ్ళను ఇన్నాళ్ళూ చూస్తూనే, వాటిలో మరెవరినో వెతికింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“సాయంత్రం నువ్వు డ్యూటీకి పోయినాక నేస్తా. రేపట్నుంచి మనింట్లోనే పండుకో.”

“ఇప్పుడు పోదామా?”

“వద్దు. ఈ పొద్దుకు ఈడనే నిద్రపో.”

అతను పడుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని అతని నుదుటి మీద చెయ్యి వేసింది. కాసేపటికి అతని ఊపిరి నెమ్మదించింది. ఆమె చెయ్యి తీయలేదు.