ఫుట్‌బోర్డు మీద కుంగ్‌ఫూ

కుంగ్‌ఫూ క్లాసులో రఘురామ్ కొంగ భంగిమ చూపిస్తూ ఒంటికాలి మీద నిలబడి ఉండగా వెనక వరుసలోంచి నవ్వు వినిపించింది.

"ఎవరది?" అన్నాడు కాలు దించకుండా.

"నేనే సార్. నవీన, బస్ కండక్టర్‌ని. జర డౌటుంది. ఎవడన్న నా చెయ్యి వట్టుకుంటే, నేను రెక్కలు విప్పేదాక ఆగుమని చెప్పాల్నా?"

మధురానగర్ హాస్టల్ డాబా మీద క్లాసుకొచ్చిన అమ్మాయిలంతా గొల్లుమన్నారు.

రఘురామ్‌ది పన్నెండేళ్ల సాధన. నల్లటి సిల్కు డ్రెస్సు, వీపు మీద బంగారు దారంతో డ్రాగన్. ఆ డ్రాగన్ మీదున్న శ్రద్ధలో సగం కూడా క్లాసు మీద లేదని నవీనకు మొదటి రోజే అర్థమైంది.

"ఇది వందల ఏళ్ల నాటి విద్యండీ. హేళన చెయ్యకండి."

"గన్నేండ్లల్ల ఒక్కలు సుత అమీర్‌పేటల బస్సెక్కలేదా సార్?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అసలు మీకేంటి సమస్య?"

"ఒకడు రోజూ పంజాగుట్టల ఎక్కుతడు. టికెట్ ఇస్తుంటే మణికట్టు వట్టుకుంటడు, ఇడువడు. అడిగితే బ్రేకు వడ్డదంటడు. దానికేమన్న ఉంటే నేర్పుండ్రి. లేకుంటే ఒకసారి నా బస్సెక్కి, మీ కొంగ ఏడ నిలవడ్తదో మీరే చూసుకోండ్రి."

పౌరుషానికి పోయి మర్నాడు సాయంత్రమే ఎక్కాడు. కాలు మోపడానికి చోటు లేదు. మొదటి బ్రేకుకే వెళ్లి, కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న సత్తెమ్మ అనే ముసలావిడ మీద పడ్డాడు.

"కండ్లు కనవడ్తలేవా బిడ్డా? నా టమాటలన్నీ పచ్చడి జేసినవ్!"

నవీన మాత్రం కదల్లేదు. మోకాళ్లు కాస్త వంచి, నడుం సీటుకు ఆనించి, రెండు చేతులతో టికెట్లు కొడుతోంది. రఘురామ్ ఆమె పాదాల వైపు చూసి నోరు తెరిచాడు.

"మీరు నిలబడింది గుర్రపు భంగిమండీ! నాకంటే బాగా నిలబడ్డారు."

"కింద వడ్డోళ్లు గట్లనే అంటరు. జరుగుండ్రి."

ఆ మర్నాడు క్లాసుకు మామూలు టీషర్టులో వచ్చాడు. రెండు వరుసల ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మధ్యలో బస్సులో ఉన్నంత సందే ఉంచాడు.

"పట్టు విడిపించుకోవడానికి మా పద్ధతిలో పదహారు కదలికలున్నాయి. ఎన్ని ఉంచమంటారు?"

"భయమైనప్పుడు సుత యాదికుండేటియి."

రెండే మిగిలాయి. పట్టుకున్నవాడి బొటనవేలి వైపుకు మణికట్టు తిప్పి లాగెయ్యడం, వెంటనే మోచెయ్యి అడ్డంపెట్టి బస్సంతా వినపడేలా అరవడం. నేర్పడానికి రఘురామ్ ఆమె మణికట్టును రెండు వేళ్లతోనే పట్టుకున్నాడు.

"గట్టిగ వట్టుకోండ్రి సార్. గాడు మీ లెక్క సిగ్గువడడు."

వారం తర్వాత పంజాగుట్ట స్టాపులో వాడు ఎక్కినప్పుడు రఘురామ్ వెనక తలుపు దగ్గరున్నాడు. వాడి చెయ్యి నవీన మణికట్టు మీద పడడం చూసి జనాన్ని తోసుకుంటూ ముందుకు దూకాడు. నాలుగు సీట్లు దాటేసరికి ఆమె చెయ్యి విడిపోయింది. మోచెయ్యి వాడి ఛాతీకి అడ్డంగా ఉంది.

"డ్రైవరన్నా, బస్సు తియ్యకు! వీడు చెయ్యి వట్టుకుండు!"

బ్రేకు వల్ల పడిందని వాడు అనబోయాడు. బస్సింకా స్టాపులోనే ఆగి ఉంది. ఆడవాళ్లంతా చుట్టుముట్టి, వాణ్ణి కిందికి దించి చౌరస్తాలోని పోలీసుకు అప్పగించారు.

పిడికిళ్లు బిగించి చేరుకున్న రఘురామ్‌కు కొట్టడానికి ఎవరూ మిగల్లేదు.

"వచ్చిండ్రా సార్? అయిపోయింది," అంది నవీన.

మాటలో వెటకారం ఉంది గానీ, టికెట్ ఇచ్చినవాళ్లకే మళ్లీ టికెట్ కొడుతోంది. రఘురామ్ రెండు రాడ్లూ పట్టుకుని, జనం ఆమె మీద పడకుండా అడ్డంగా నిలబడ్డాడు. చివరి స్టాపు బోరబండ దాకా అలాగే నిలబడ్డాడు.

బస్సు ఖాళీ అయ్యాక గొంతు సవరించుకున్నాడు. "నవీన గారూ, ఒక మాట. మీరు వెక్కిరించని రోజు నాకు క్లాసు చెప్పినట్టే ఉండట్లేదు."

"గిది ప్రేమనా, కంప్లయింటా?"

"ప్రేమేనండీ."

ఆమె టికెట్ మిషన్ సంచిలో పెట్టడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ సేపే తీసుకుంది.

"మా అమ్మను అడుగుండ్రి. ఇల్లు దగ్గర్నే."

"ఆవిడ ఒప్పుకోకపోతే?"

"నేను ఒప్పిస్త. మీతోని కాదు గది."

ఆ రోజు టికెట్ డబ్బుల లెక్క అప్పజెప్పి వచ్చి, ఆమె సందులోకి దారితీసింది. రఘురామ్ బుద్ధిగా రెండడుగులు వెనక నడవబోయాడు.

"ఎనక ఏంది సార్?" అంది నవీన తిరిగి చూడకుండానే. "పక్కకు రాండ్రి."