బొమ్మల చౌరస్తా

నీలం గళ్ల చొక్కా వేసుకున్న బొమ్మకి భుజం దగ్గర గుడ్డ జారుతోంది. టైలర్ గారమ్మాయి పెదాల మధ్య నుంచి గుండుసూది తీసి గుచ్చింది.

“అబ్బా!” అంది బొమ్మ.

ఆమె ఉలిక్కిపడింది. పెదాల్లో మిగిలిన సూదులన్నీ నేలపాలయ్యాయి.

“మెల్లగా అండీ! ప్రాణమున్న భుజం!”

“ఆ ముక్క ముందే చెప్పొద్దూ? బొమ్మల మధ్య బొమ్మలా నిలబడితే నాకేం తెలుస్తుంది?”

“కదలకుండా నిలబడటమే కదండీ ఇక్కడి రూలు!”

నిజమే. యుద్ధం వద్దంటూ నలుగురు గుమిగూడితే జైలే. కానీ ఆ ఆర్డర్‌లో బొమ్మల ఊసు లేదు. అందుకే బట్టల షాపులవాళ్లు తమ బొమ్మల్ని తెచ్చి పెద్ద ఆఫీసు ముందు చౌరస్తాలో నిలబెట్టారు. యుద్ధం చేసేవాళ్లూ, దేశం మీద ఆంక్షలు పెట్టి సరుకులు ఆపినవాళ్లూ బేరాలాడుకునేది ఆ ఆఫీసులోనే. ప్రతి బొమ్మకీ ఓ పోయిన మనిషి బట్టలు తొడిగారు. కొందరు యుద్ధంలో పోయారు, కొందరు ఆంక్షల వల్ల మందులు రాక పోయారు.

“ఇది మా అన్నయ్య చొక్కా,” అన్నాడతను. “డయాలసిస్ మిషన్‌కి ఫిల్టర్లు రాలేదు. ఈ చొక్కా తొడగడానికి ఓ బొమ్మ అడిగితే, బొమ్మలన్నీ అయిపోయాయన్నారు. నేను లిఫ్ట్ మెకానిక్‌ని, స్పేర్ పార్టులు లేక నా లిఫ్టులూ ఆగిపోయాయి. అందుకే నేనే వచ్చి నిలబడ్డా.”

తిట్టబోయిందల్లా ఆమె వంగి, రాలిన సూదులు ఏరింది.

“నొప్పిగా ఉందా?”

“బొమ్మలకి నొప్పేంటండీ!”

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె ముందుగా సర్దేది ఆ చొక్కానే. జారినా, జారకపోయినా. ‘అండీ’ ఎప్పుడు ఎగిరిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.

“ఒకటి అడగనా? బొమ్మల మొహాలు తిప్పుతున్నది నువ్వేనా?” అందో రోజు. “రోడ్డు వైపు పెట్టి ఇంటికెళ్తున్నా. పొద్దున్నకల్లా అన్నీ ఆఫీసు కిటికీల వైపు చూస్తున్నాయి.”

“అదేంటి, నీ పనే అనుకున్నా నేను!”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. సన్నగా వాన మొదలైంది. బొమ్మల చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి.

“ఆ ఊదారంగు స్వెటర్ బొమ్మ మాత్రం అటు చూడదు,” అన్నాడతను. “రోజూ నా వైపే చూస్తుంది.”

ఆ స్వెటర్ ఆమె తల్లిది. ఇన్సులిన్ దొరక్క పోయింది.

“అమ్మ అంతే. నాతో మాట్లాడిన అబ్బాయిని ఎగాదిగా చూడందే వదిలేది కాదు.” నవ్వబోయింది. కానీ ఆ స్వెటర్ వైపు చూసి ఆగిపోయింది.

మర్నాడు బొమ్మల్ని తీసేయమని కూడా ఆర్డర్ వచ్చింది. లారీ వచ్చి ఆగింది. అమ్మని చెత్తలో పడేస్తారు. ఆమె పరుగున వెళ్లి అమ్మ బొమ్మకీ అతనికీ మధ్య నిలబడింది. ఒక చేత్తో చల్లటి ప్లాస్టిక్ చేయి, ఇంకో చేత్తో అతని చేయి పట్టుకుంది.

“కదలకు,” అన్నాడు. “ఒక మాట చెప్పాలి.”

“కదలొద్దన్నావుగా!”

“పెదాలు కదపకుండా చెప్తా. నువ్వంటే నాకిష్టం.”

“టైలర్ కూతుర్ని, నోట్లో సూదులతో మాట్లాడటం నాకు అలవాటే. నాకూ నువ్వంటే ఇష్టం.”

ఒక్కో షాపులోంచీ జనం వచ్చి బొమ్మల మధ్య కదలకుండా నిలబడుతున్నారు. మెడలో టేపుతో ఆమె నాన్న కూడా వచ్చాడు. లారీ కూలీ ఒక బొమ్మని ఎత్తబోతే వెచ్చగా తగిలింది. కెవ్వుమని వెనక్కి గెంతి, లారీతో వచ్చిన ఆఫీసరు వైపు తిరిగాడు.

“ఎవరు మనుషులో, ఏవి బొమ్మలో తెలియట్లేదు సార్. మావల్ల కాదు!”

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. నాన్న వచ్చి టేపు అతని భుజాల మీద పరిచాడు.

“ఈ చొక్కా మీ అన్నయ్య కొలత బాబూ. నీ కొలతకి కొత్తది కుడతా. పెళ్లికి పనికొస్తుంది.”

చుట్టూ అందరూ నవ్వారు. ఆమె కళ్లు తుడుచుకోవడానికి చేయి లాక్కోబోయింది. రాలేదు. ప్లాస్టిక్ వేళ్లు ఆమె వేళ్ల చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి.

“అతనేనమ్మా,” అంది మెల్లగా. “మంచివాడే. ఇక వదులు.”

వేళ్లు వదులయ్యాయి. ఆమె తలెత్తి చూసేసరికి, ఊదారంగు స్వెటర్ బొమ్మ కూడా అందరితోపాటు ఆఫీసు కిటికీల వైపే చూస్తోంది.