మూసే ముందు పిలుపు

రాజమండ్రిలో మా పుస్తకాల షాపుకి ఒక పద్ధతుంది. షట్టరు దించే ముందు లోపలికి తిరిగి, "ఎవరైనా ఉన్నారా అండీ? మూసేస్తున్నాం" అని పిలవాలి. ఒకసారి నవలలో మునిగిపోయిన ఓ మాస్టారిని లోపలే ఉంచి తాళం వేశారట. అప్పుడు నాన్నగారు పెట్టిన రూలు ఇది. చదివేవాళ్ళని మధ్యలో లేపకూడదన్నది ఇంకో రూలు.

నాన్నగారు పోయాక అక్క దేవకుమారి, నేను షాపు నడుపుతున్నాం. నడుపుతున్నాం అంటే ఈగలు తోలుకుంటున్నాం. ఈ క్రిస్మస్‌కి కూడా అమ్మకాలు లేకపోతే ఖాళీ చేయమన్నారు బిల్డింగ్ ఓనరుగారు. సెల్‌ఫోన్ల షాపు పెడతారట. నాకు ఒళ్ళు మండిపోయింది. పంతానికి గుమ్మం పైన పెద్ద స్టార్ కట్టాను. దాన్ని చూసి జనం వచ్చేవారు కానీ గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. "ఏంటోనండి, ఇక్కడ బురద వాసన. లోపలికి రాబుద్ధి కావట్లేదు" అని వెళ్ళిపోయేవారు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చికి వెళ్ళాలని పెందలాడే లైట్లు తీసేశాం. గోదావరి వైపు నుంచి మంచు దిగుతోంది. గుమ్మంలో నిలబడి అక్క అలవాటుగా లోపలికి పిలిచింది.

"ఉన్నానమ్మా... ఇంకొంచెమే ఉంది."

ముసలావిడ గొంతు. వెనక అరల దగ్గర్నుంచి.

"చదువుకోండి, పర్వాలేదు" అనేసింది అక్క, అదే అలవాటులో. అన్నాక నా చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం నుంచి షాపులోకి ఒక్కరూ రాలేదు.

చీకట్లో పేజీ తిప్పిన చప్పుడు... మళ్ళీ ఇంకోటి...

"జ్యోతీ, పోదాం పదవే" అక్క గుసగుసలాడింది.

నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"ఏవండీ" అన్నాను లోపలికి. "ఎన్నాళ్ళైనా చదువుకోండి. మా కస్టమర్లని మాత్రం బెదరగొట్టకండి. ఈ షాపు మేం మూయం."

పేజీల చప్పుడు ఆగింది.

"నేను కాదమ్మా..." అంది గొంతు, మెల్లగా. "నాకూ అదంటే భయమే. మీ వెనకాలే ఉంది."

బురద వాసన గుప్పుమంది. మేం తిరిగేలోపే పైన షట్టరు కిర్రుమని దిగడం మొదలుపెట్టింది. అంచు కింద భుజాలు పెట్టి ఇద్దరం పైకి తోశాం. అప్పుడు కనబడ్డాయి. అంచుని బయటి నుంచి పట్టుకున్న వేళ్ళు. ఒక చేతివి కాదు, రెండు చేతులవి కాదు... ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేళ్ళే.

"మూయం" అన్నాను పళ్ళు బిగించి. "మూయం" అంది అక్క కూడా, ఏడుస్తూనే.

మోకాళ్ళు వంగిపోతున్నాయి. లోపల కుర్చీ జరిగింది. ఎవరో నడిచొచ్చి, నా పక్కన అంచు కింద భుజం ఆనించారు. ఆ భుజం చల్లగా ఉంది... తడిగా ఉంది.

నేను అటు చూడలేదు. ముగ్గురం కలిసి తోశాం.

వేళ్ళు వదల్లేదు.