లంగరు వేసిందెవరు?

ఇంజిను ఆగింది. పడవ మాత్రం ఆగలేదు.

అలల మీద ఊగుతూ మెల్లగా పక్కకి జారిపోతోంది. పడవ నిండా ఆరో తరగతి పిల్లలు. అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు, కళ్ళకి అద్దాలు, నోటికి గొట్టాలు. ఇక గోల సంగతి చెప్పాలా! ఒకడు అద్దం పెట్టుకుని ఊపిరాడటం లేదంటున్నాడు. ఒకతె గొట్టంతో బూర ఊదుతోంది. వాళ్ళని అదుపులో పెట్టాల్సిన మురళీమోహన్ మాస్టారికి కడుపులో తిప్పేస్తోంది. పడవ అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

ఆ పడవ అదే తరగతిలో చదివే శైలజ వాళ్ళది. నడిపేది వాళ్ళ నాన్న ధనరాజు. అందుకే ఆ రోజు శైలజ తల కాస్త ఎత్తుగానే ఉంది. పడవ ముందు కొసన, తను ఎప్పుడూ కూర్చునే చోట దర్జాగా కూర్చుంది.

వాళ్ళ ఊరు బండలపేట. ఊరికి ఎదురుగా సముద్రం అడుగున పెద్ద పెద్ద బండలున్నాయి. వాటి మీద పగడాలు పెరుగుతాయి. ఆ మేరంతా ఇప్పుడు మెరైన్ పార్కు. అక్కడ వల వెయ్యకూడదు, గాలం వెయ్యకూడదు. నీళ్ళ మీద తేలుతూ, అద్దంలోంచి కిందికి చూసి రావాలి, అంతే. దాన్నే స్నార్కెలింగ్ అంటారు. చూడ్డానికి వచ్చేవాళ్ళని తీసుకెళ్ళే పని పార్కు వాళ్ళు ఊళ్ళో ఒక్క పడవకే ఇచ్చారు. అది ధనరాజుకి దక్కింది.

దక్కిందంటే మాటలా? బండలపేట మగవాళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోనే ఉంటారు. వెరావల్‌లో పరాయి వాళ్ళ బోట్ల మీద చేపలు పడతారు. ధనరాజూ అంతే. శైలజ మొదటి అడుగు వేసినప్పుడు ఆయన లేడు. బళ్ళో చేరినప్పుడు లేడు. ఒంటి నిండా అమ్మవారు పోసి మూలిగినప్పుడూ లేడు. ఈ ఏడే ఇంటి పట్టున ఉన్నాడు. ఈ పని నిలబడితే ఇక గుజరాత్ వెళ్ళక్కర్లేదు.

"నిలబడతాదా నాన్నా?" అని శైలజ ఎన్నిసార్లు అడిగిందో.

"మనం సక్కగుంటే నిలబడతాది" అనేవాడు ఆయన.

బయల్దేరే ముందు పార్కు గైడు అనూరాధ మేడం ఒడ్డునే అన్నీ చెప్పింది. "పగడాల్ని ముట్టుకోకూడదు. వాటి మీద కాలు పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ లంగరు వెయ్యకూడదు. నీళ్ళ మీద పసుపు రంగు బోయా తేలుతూ ఉంటుంది. పడవని దానికే కట్టాలి."

శైలజ విన్నది. చెవులారా విన్నది.

ఇప్పుడు ధనరాజు పడవ వెనక కొసన నిలబడి, పొడుగాటి గెడతో ఆ బోయాని దగ్గరికి లాక్కోవాలని చూస్తున్నాడు. అందినట్టే అంది, అల వచ్చి దాన్ని అవతలికి నెట్టేస్తోంది. అనూరాధ మేడం ఇటు వీపు పెట్టి పిల్లల అద్దాలు బిగిస్తోంది.

"ఏటే శైలూ, మీ పడవకి బ్రేకుల్లేవేటి?" అన్నాడు పక్కనున్న గోవింద్. "ఇలాగే ఒరిస్సా ఎలిపోతామా?"

నలుగురు పిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వి మళ్ళీ తమ గొట్టాల గొడవలో పడిపోయారు.

శైలజకి ఒళ్ళు మండింది. మా నాన్న పడవని అంత మాటంటాడా!

ఆమె పక్కనే నాలుగు కొక్కేల ఇనప లంగరు ఉంది. ఆపద వస్తే తప్ప ముట్టకూడదని ఓ మూల పెట్టి ఉంచారు. ఆదివారాలు నాన్నతో గాలాలకి వెళ్ళినప్పుడు లంగరు వేసే పని శైలజదే. ఇంజిను ఆగగానే "ఎయ్యమ్మా" అనేవాడు నాన్న. ఆయన అనకముందే ఆమె చేతులు లంగరు మీద ఉండేవి.

ఇప్పుడూ అంతే అయింది. మేడం మాట గుర్తు రాలేదా అంటే వచ్చింది. లంగరు చేతిలోంచి జారాక వచ్చింది.

బుడుంగుమని మునిగింది. తాడు జరజరా జారింది. కాసేపటికి పడవ చటుక్కున నిలబడింది.

గోవింద్ నవ్వలేదు. "ఎయ్యకూడదన్నారు గదే!" అన్నాడు గొంతు తగ్గించి.

సరిగ్గా అప్పుడే ధనరాజు గెడకి బోయా చిక్కింది. ఆయన తాడు కట్టేశాడు. పడవ అందుకే ఆగిందనుకున్నారు అందరూ.

శైలజ ఎవరూ చూడకుండా లంగరు పైకి లాగేద్దామనుకుంది. లాగితే రాలేదు. కింద దేన్నో పట్టేసింది. పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజింది. కింద ఏదో ఫట్టుమన్నట్టు తాడు అదిరి, వదులైంది.

"మొదటి జట్టు రండి!" అని మేడం కేకేసింది. శైలజ ఆ జట్టులో ఉంది. తాడు వదిలేసి వెళ్ళక తప్పలేదు.

శైలజ పుట్టిందే సముద్రం ఒడ్డున. ఈత ఆమెకి ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది. కానీ సముద్రం లోపల ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. ఉప్పునీళ్ళలో కళ్ళు తెరిస్తే మంట తప్ప ఏం కనిపిస్తుంది?

అందరితోపాటు పడవ వెనక తేలుతున్న తాడు పట్టుకుని, అద్దంతో ముఖం ముంచింది.

అబ్బ! కింద ఓ ఊరే ఉంది. కాలీఫ్లవర్ల లాంటి పగడపు గుత్తులు, ఊదావి కొన్ని, గోధుమ రంగువి కొన్ని. వాటి సందుల్లో నలుపూ పసుపూ చారల చేపలు. బండ మీద ముళ్ళబంతుల్లాంటి జీవులు. చిటికెన వేలంత నీలం చేపలు గుంపుగా తిరుగుతున్నాయి, భయం లేదు, ఏం లేదు. నాన్న వలలో చచ్చి తెల్లబడి వచ్చే చేపలు, ఇక్కడ బతికుంటే ఇంత రంగులతో ఉంటాయా! శైలజ లంగరు సంగతే మరిచిపోయింది.

అంతలో లంగరు తాడు కనిపించింది. పడవ ముందు నుంచి కిందికి దిగిన తాడు.

దాని చివర పెద్ద పగడపు గుత్తి ఒకటి నడిమికి విరిగిపోయి ఉంది. ముక్కలన్నీ బండ మీద చెదిరిపోయాయి. విరిగినచోట తెల్లగా, విరిచిన సుద్దముక్కలా ఉంది. లంగరు పక్కన పడి ఉంది. నీలం చేపలు నాలుగైదు, ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు ఆ ముక్కల చుట్టూనే తిరుగుతున్నాయి.

శైలజ తల పైకెత్తేసింది. గొట్టంలోకి నీళ్ళు పోయి పొలమారింది.

మేడం కూడా చూసింది. ఒక్క మునక వేసి కిందికి వెళ్ళి వచ్చింది. వచ్చాక ఆమె ముఖం చూడ్డానికే భయం వేసింది. అందర్నీ పడవ ఎక్కించేసింది. గోవింద్ రెండో జట్టు. వాళ్ళకి ఇక దిగడమే లేదు.

"లంగరు ఎవరు వేశారు?" అంది మేడం. "ఆ పగడం ఏడాదికి గోరంత కూడా పెరగదు. మీ తాతలనాటిది. ఎవరు వేశారు?"

గోవింద్ తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు. ధనరాజు ముందు కొసన ఉన్న తాడుని చూశాడు, ఆ తర్వాత కూతురి ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

శైలజ నోరు తెరిచింది. ఇంతమంది ముందు, క్లాసు క్లాసంతా చూస్తుండగా ఎలా చెప్పడం? తల దించేసుకుంది.

"నేనేనండి" అన్నాడు ధనరాజు. "అలవాటులో ఏసీసాను."

వారం తిరక్కుండానే పార్కు వాళ్ళు ధనరాజుని తీసేశారు. ఆ పని అదే ఊళ్ళో ఉండే ఎల్లాజీ పడవకి ఇచ్చారు.

శైలజ వాళ్ళమ్మ ఈశ్వరి సంతల్లో ఎండుచేపలు అమ్ముతుంది. మాట పడదు, పడనివ్వదు. "సేతికొచ్చిన కూడు నేలపాలు సేసినావు! సదువుకునే పిల్ల ముందు నీకు సిగ్గు లేదా?" అని మొగుణ్ణి కడిగేసింది. ఆ తర్వాత మాట్లాడ్డమే మానేసింది. కంచం ఠప్పున ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయేది. ఆయన కిక్కురుమనకుండా తినేవాడు. శైలజకి మాత్రం ముద్ద దిగేది కాదు.

ఓ రోజు ఆయన ఫోనులో మాట్లాడుతుంటే విన్నది. "ఒక మనిషి కావాలంటే నానొస్తాను బాబూ. మా ఊరోళ్ళు పెళ్ళికొచ్చి మళ్ళీ తిరిగొస్తన్నారు, ఆళ్ళతో బయల్దేరిపోతాను." అవతల ఎవరో వేరే చెప్పాలా? వెరావల్ బోటు ఓనరు.

మర్నాడు బళ్ళో గోవింద్ దగ్గరికొచ్చి, "నేను ఎవరికీ సెప్పను శైలూ, ఒట్టు" అన్నాడు. పాపం, వాడు మంచికే అన్నాడు. కానీ ఆ మాట విన్నాక ఆమెకి ఒక్క పాఠమూ చెవికెక్కలేదు.

బడి వదలగానే పరుగెత్తుకుంటూ ఒడ్డున ఉన్న పార్కు షెడ్డుకి వెళ్ళింది. అనూరాధ మేడం జాకెట్లు ఆరబెడుతోంది.

"మేడం, లంగరేసింది మా నాన్న కాదు. నేను. లాగి ఇరగ్గొట్టింది కూడా నేనే."

మేడం చేతిలో జాకెట్టు అలాగే ఉండిపోయింది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. "పిల్ల పొరపాటు అని మీ నాన్నకి ఒక హెచ్చరిక ఇచ్చి వదిలేసేవాళ్ళు. రూలు తెలిసిన పెద్దమనిషి వేశానని ఒప్పుకున్నాడు గనకే తీసేశారు."

"ఇప్పుడు సెప్పాను గదా మేడం! మళ్ళీ తీసుకోండి."

"ఎల్లాజీ తన వలలన్నీ అమ్మేసి పడవకి సీట్లు వేయించుకున్నాడు. ఇప్పుడు అతన్ని పొమ్మనమంటావా? అతనూ గుజరాత్ పోవాల్సినవాడే."

ఎల్లాజీ చిన్న కొడుకు శైలజకి గుర్తొచ్చాడు. ఆ పిల్లాడు ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు.

చెబితే నాన్న ఉండిపోతాడనుకుంది. అందుకే అంత ధైర్యం చేసింది. ఆ ధైర్యం ఎందుకూ కొరగాలేదు. దారి పొడుగునా ఏడ్చి, ఇంటికి చేరేముందు ముఖం కడుక్కుంది. ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెప్పి ఇక ప్రయోజనమేముంది?

వెళ్ళే రోజు వచ్చింది. నౌపడ స్టేషనుకి తీసుకెళ్ళే ఆటో ఊరి మొదట్లో ఆగి ఉంది. గుజరాత్ వెళ్ళేవాళ్ళు సంచులు ఎక్కిస్తున్నారు. సాగనంపడానికి సగం ఊరు వచ్చింది. ఈశ్వరి వచ్చింది గానీ మొగుడికి దూరంగా, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏటి బావా!" అన్నాడు భాస్కర్ అనే ఆయన ధనరాజు వీపు చరిచి. "అందరూ పడవ ఆగడానికి లంగరేత్తారు, నువ్వు పొట్ట మీద ఏసుకున్నావేటి? ఎరావల్లో కూడా అలాగే ఎయ్యకు, మమ్మల్నీ తోలేస్తారు!"

అందరూ గొల్లుమన్నారు. ధనరాజు కూడా నవ్వాడు. ఈ మాటలు ఆయనతో పాటు రైలెక్కుతాయి. అక్కడ బోటు మీదా ఇవే మాటలు. నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉంటారు, ఆయన పడుతూనే ఉంటాడు.

ఇప్పుడు చెప్పినా నాన్న ఆగడు. ఆ సంగతి శైలజకి తెలుసు.

"ఆ లంగరు మా నాన్న ఎయ్యలేదు!" అని అరిచింది.

ఒక్కసారిగా అందరూ ఇటు తిరిగారు. అయినా శైలజ ఆపలేదు.

"నేనేసాను. ఎయ్యకూడదని తెలుసు. పగడాన్ని ఇరగ్గొట్టింది నేనే. మేడం అడిగితే సెప్పకుండా తల దించుకున్నాను. మా నాన్న నా కోసం తన మీదేసుకున్నాడు. మీరెవరూ ఆయన్ని సూసి నవ్వకండి."

భాస్కర్ ముఖంలో నవ్వు చచ్చిపోయింది. ఈశ్వరి కట్టుకున్న చేతులు విడిపోయాయి. కూతురి వంక, మొగుడి వంక మార్చి మార్చి చూసింది.

ధనరాజు వచ్చి శైలజ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ రోజు పడవలో నీ మొకంలోకి సూసాను" అన్నాడు మెల్లగా. "సెప్తావని సూసాను."

"ఇప్పుడు సెప్పాను నాన్నా."

"ఇన్నాను. ఊరంతా ఇన్నాది." ఆమె తల మీద చెయ్యి వేసి తీశాడు. "బాగా సదువుకో."

అవతల డ్రైవరు హారన్ కొట్టాడు. పాసింజరు రైలు వెళ్ళిపోతుందని గోల పెట్టారు. ధనరాజు ఎక్కేశాడు.

"ఉండండి! ఓ మాట... ఉండండి!" అంటూ ఈశ్వరి ఆటో వెనక పరుగెత్తింది. అన్నాళ్ళు నోరు విప్పని మనిషి. ఆటో ఉప్పు మడుల మలుపు తిరిగిపోయింది.

ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. వెనక్కి తిరిగాక శైలజని కొట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. "బడికి టైమైపోతాది" అంది అంతే.

శైలజ బడికి వెళ్ళింది. మురళీమోహన్ మాస్టారు అటెండెన్సు పిలుస్తున్నారు. ఆమె తన చోటుకి పోకుండా నల్లబల్ల ముందు నిలబడింది. గోవింద్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మాస్టారూ, లంగరు గురించి వీళ్ళందరికీ ఒక మాట సెప్పాలి" అంది.