బురుజులో మేనత్త

పొద్దున్నే పాలగిన్నె అందుకోబోయిన ఇర్మా గౌను చేతికి అవిసెనార పోగొకటి అంటుకుని ఉంది. రాణి గెర్లిండ్ నోటి దాకా వెళ్ళిన రొట్టెముక్క అక్కడే ఆగిపోయింది. కోటలో ఎవరూ నూలు వడకరు. ఈ కూతురు పుట్టినప్పుడే కదుళ్ళన్నీ పోగేసి కాల్పించిందామె.

“ఎక్కడికెళ్ళావే?”

“గుర్రాలశాలకి.”

“గుర్రాలు నూలు వడుకుతున్నాయా?”

ఇర్మా గిన్నె వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

దీని వెనక ఎవరున్నారో గెర్లిండ్‌కి తెలుసు. ఉత్తరపు బురుజులో ఒంటరిగా ఉండే ఆడపడుచు ఒతీలియా. జ్ఞానస్నానం విందుకి పిలవకపోయినా వచ్చి, ఉయ్యాల మీదికి వంగి, “కదురు ప్రాణం తీస్తుంది, చూసుకో” అని శపించిపోయిన మనిషి.

గెర్లిండ్ చప్పుడు కాకుండా కూతురి వెనకే నడిచింది.

బురుజులో ఇర్మా కదురు తిప్పుతోంది. అత్త నెమ్మదస్తురాలే. కానీ రోజూ ఇర్మా వెళ్ళేముందు ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూస్తుంది. ఏం వెతుకుతుందో చెప్పదు. అదే ఇర్మాకి అంతుబట్టదు.

“అత్తా, అమ్మంటే నీకెందుకంత కోపం?”

“కోపం మీ అమ్మది. నాది భయం. మొన దగ్గర వేలు పెట్టకు!”

తలుపు ధడాలున తెరుచుకుంది.

“అనుకున్నాను! నీ బిడ్డ పోయిందని నా బిడ్డనీ మింగేద్దామనుకున్నావా?” గెర్లిండ్ కూతురి చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కదురు మొన ఇర్మా బొటనవేలిలో దిగింది.

ఒతీలియాకి కళ్ళముందు మరో చిన్న వేలు కనిపించింది. ఒక్క ఉదుటున వచ్చి, వేలు పిండి నెత్తురు కార్చి, దాని మీద కూజా వంచింది.

“ఏం పోస్తున్నావ్? విషమా?”

“ద్రాక్షసారాయి. గాయం కడగాలి, అడ్డం లే! నా లీస్‌బెత్‌కీ ఇంతే గుచ్చుకుంది. తుడిచి ఊరుకున్నాను. దవడలు బిగుసుకుపోయి, నీళ్ళచుక్క దిగక ప్రాణం పోయింది.”

“నాకెవరూ చెప్పలేదే...”

“నువ్వడిగావా? ఏడుపుముఖం శుభకార్యానికి పనికిరాదన్నావు. అందుకే పిలవకుండానే వచ్చి హెచ్చరించాను. నువ్వేమో కదుళ్ళు కాల్చావు. రేపు అత్తారింట్లో ఉన్నవి ఎవరు కాలుస్తారు? అందుకే పట్టుకోవడం నేర్పుతున్నాను.”

కూతురి వేలికి ఆ మొన గుచ్చిందెవరో గెర్లిండ్‌కి అప్పుడు అర్థమైంది.

ఇర్మాకి జ్వరం వచ్చింది. మంచానికి చెరోపక్కనా వదినా మరదళ్ళు కూర్చున్నారు. రోజులు గడిచాయి. పిల్ల మగతలోంచి తేలలేదు. ఓ ఉదయం గెర్లిండ్ మెల్లగా అడిగింది.

“లీస్‌బెత్ ఎలా ఉండేది వదినా?”

ఒతీలియా ఇర్మా బుగ్గ నిమిరింది. “నవ్వితే... బుగ్గన సొట్ట పడేది.”

అంతలో ఇర్మా కదిలింది. ఇద్దరూ ఆ ముఖం మీదికి వంగారు. పిల్ల కళ్ళు తెరిచి, ఒళ్ళు విరుచుకుని, దవడలు సాగేలా నోరంతా తెరిచి ఆవులించింది.

“ఏమిటిద్దరూ అలా చూస్తారు? నా నోట్లో ఏముంది?”

వదినా మరదళ్ళు ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు.