షరతుల బాబు

అనుమానించడానికే నాకు జీతమిస్తారు. ఆడిటర్ని కదా. ఎదుటివాళ్ళు అంతా బాగుందంటే, ఎక్కడ బాగాలేదో వెతకడం నా పని.

ఆ కంపెనీలో అడుగుపెట్టిన రోజే వాళ్ళ ఫైనాన్స్ మేనేజరుతో పేచీ వచ్చింది.

"ఫైళ్ళన్నీ ఉన్నాయా?" అన్నాను.

"ఇన్ ప్రిన్సిపుల్ ఉన్నట్టేనండి."

"ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయనే మా అంచనా. సబ్జెక్ట్ టు రివ్యూ."

ఒళ్ళు మండింది. ఈ ఫైనాన్స్ వాళ్ళకి అవును, కాదు అనే మాటలు నోట్లోంచి ఊడిపడవు. రేపెవరైనా మాట పట్టుకుంటారని భయం. మర్యాదకి కాఫీ తాగుతారా అని అడిగినా, "పాజిటివ్‌గా పరిశీలిస్తానండి" అన్నాడు.

ఇంట్లో చెబితే అక్క పడీపడీ నవ్వి, అతనికి షరతుల బాబు అని పేరు పెట్టింది.

మూడోవారం ఒక సాయంత్రం ఇద్దరం ఆఫీసు మెట్లమీద నిలబడ్డాం. "వర్షం తగ్గే అవకాశాలు మెరుగ్గా ఉన్నాయండి" అన్నాడు. నమ్మి అతనితో రోడ్డెక్కాను. తడిసి ముద్దయ్యాం.

"ఇది మా అంచనాలకి మించిన పరిణామమండి" అన్నాడు, తల తుడుచుకుంటూ.

నాకు నవ్వాగలేదు. అతను నన్నే చూస్తున్నాడు. అబద్ధమెందుకు, నేనూ చూశాను.

సోమవారం వెళ్ళేసరికి అతని కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. "ఇకనుంచి ఫైళ్ళు నేనే చూపిస్తానమ్మా" అన్నాడు.

వరండాలో షరతుల బాబు ఎదురుపడి తల దించుకున్నాడు.

"ఎందుకు తప్పుకున్నారు?" అని నిలదీశాను.

"ప్రస్తుతానికి కామెంట్ చేయలేనండి."

ఫైలు చూసే మనిషి ఉన్నట్టుండి తప్పుకుంటే, ఆ ఫైల్లో ఏదో ఉన్నట్టే. వానలో ఆ చూపులు కూడా నన్ను మెత్తబరచడానికేనా? అతను చూసిన ఫైళ్ళన్నీ మళ్ళీ తెప్పించుకున్నాను. రెండు రోజులు కాగితం కాగితం తిరగేశాను. తప్పు దొరికితే నా చేత్తోనే అతని పేరు రాయాలి. దొరక్కూడదని మొక్కుకున్న ఆడిటర్ బహుశా నేనొక్కదాన్నే.

ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

మూడోరోజు మా ఆడిట్ ఆఫీసులో పై అధికారి, మా మేడమ్ పిలిచారు. "ఫైళ్ళన్నీ రెండోసారి తోడుతున్నావట, ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. నీ అనుమానం దేనిగురించో నాకు తెలుసు. ఇది చదువు" అని ఒక ఉత్తరం ముందు పెట్టారు. కిందటి శుక్రవారం అతను రాసింది.

"మీ ఆడిటర్ అంటే నాకు ఇష్టం. ఆ సంగతి ఆమెకి తెలియదు. నా లెక్కలు ఆమె తనిఖీ చేయడం సరికాదు. అందుకే తప్పుకుంటున్నాను. ఆమె పనికి మచ్చ రాకూడదు."

రెండుసార్లు చదివాను, షరతు ఎక్కడుందా అని. ఒక్కటీ లేదు. కళ్ళు చెమర్చాయి.

"రూలు తెలుసుగా. నీవైపునుంచి చెప్పాల్సిందేమైనా ఉందా?" అన్నారు మేడమ్.

ఏమీ లేదని చెబితే ఆడిట్ నాదే, ఉందంటే వదులుకోవాలి. నా పేరుమీద వచ్చిన మొదటి పెద్ద ఆడిట్ అది.

"ఆడిట్ నుంచి తప్పుకునే ఫారం ఒకటి ఇవ్వండి మేడమ్" అన్నాను.

కారణం రాసే గడి చిన్నది. ఆయన రాసిందే నాదీ అని రాసి, సంతకం పెట్టాను.

సాయంత్రం వాళ్ళ ఆఫీసు మెట్లదగ్గర నిలబడ్డాను. అతను బయటికొచ్చి, నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేనా ఆడిట్‌లో లేను. నేనే తప్పుకున్నాను" అన్నాను.

వెనక్కి వేసిన రెండడుగులూ అతను ముందుకు వేశాడు.

"కాఫీ తాగుతారా?" అని అడిగాను.

"తాగుతాను" అన్నాడు.